గొంతు తగ్గించిన ఇల్లు

మా వదిన సిగ్నె గుసగుసగానే మండిపడుతోంది.

అరవాల్సిన మాటల్ని పళ్ళ సందుల్లోంచి గాలిలా వదలడం ఆవిడకు చేతకాని పని. పెద్ద దీవిలో, చర్చి వీధిలో పుట్టి పెరిగిన మనిషి. అక్కడ కోపం వస్తే తలుపు ధడాలున వేస్తారు. మా స్కార్వెన్ దీవిలో, సముద్రపు బాతు పొదిగే రోజుల్లో, తలుపు తీయడానికే వీల్లేదు. వెనక వంటింటి కిటికీ కింద ఒక చేపల పెట్టె బోర్లించి ఉంటుంది. దాని మీద కాలు పెట్టి, కిటికీలోంచి లోపలికి రావాలి. సిగ్నె అలాగే వచ్చింది. వస్తూ వస్తూ పావడా అంచు మేకుకు తగిలి చిరిగింది. కోపంలో సగం అది.

“ఇల్లు విప్పడానికి వచ్చినవాళ్ళు నిన్న గుమ్మం మొహమైనా చూడకుండా పోయారు,” అంది. “పలుగులూ తాళ్ళూ అన్నీ వేసుకుని వచ్చిన పడవ, ఒక్క పిట్ట కోసం వెనక్కి తిరిగింది. ఊళ్ళో నేను తల ఎక్కడ పెట్టుకోవాలి?”

“పిట్ట కాదమ్మా, బాతు,” అంది మా అమ్మ ఒలీనె. ఉడికిన బంగాళాదుంపల తొక్క తీస్తోంది. తల ఎత్తలేదు. “తల నీ ఇష్టం వచ్చిన చోట పెట్టుకో. గొంతు మాత్రం కాస్త కింద పెట్టు.”

మా అన్న హల్వ్‌దాన్ ఎవరి వైపూ చూడకుండా కాఫీ తాగుతున్నాడు. లోమ్‌వేర్ దీవుల పంచాయతీకి ఆయనే ప్రెసిడెంటు. సభల్లో బల్ల గుద్ది మాట్లాడతాడని పేరుంది. ఇక్కడ మాత్రం కప్పు దించేటప్పుడు ముందు చిటికెన వేలు బల్లకు ఆనించి, దాని మీదికి కప్పు జారుస్తున్నాడు. చప్పుడు కాకూడదని. పదవి వచ్చినా పుట్టింట్లో నేర్చిన చెయ్యి పోలేదు.

ఈ పోట్లాట ఇలా గుసగుసల్లో సాగుతూ ఉండగానే నడివేసవి మంటల పండుగ దగ్గర పడుతోంది. పండుగ నాటికి స్కార్వెన్‌లో ఒక్క పొయ్యి కూడా పొగ విడవకూడదని సర్కారు షరతు. దీవిలో వాళ్ళందరూ ఇళ్ళు విప్పుకుని పెద్ద దీవికి తరలిపోతే అందరికీ అక్కడ స్థలం, సాయం. ఒక్క ఇల్లు మిగిలిపోయినా ఎవరికీ ఏమీ లేదు. మిగతా ఇళ్ళన్నీ విప్పేశారు. గోడల దుంగలు వరసగా ఒడ్డున పేర్చి ఉన్నాయి. నిలబడి ఉన్నది మా ఇల్లొక్కటే.

మా ఇంటి ముంగిట మెట్ల కింద బాతు పొదుగుతోంది.

పొదిగే తల్లి నెత్తి మీద సుత్తి దెబ్బ పడకూడదు. ఈ షరతు సర్కారు పెట్టింది కాదు. ఎవరు పెట్టారో కూడా తెలియదు. దీన్ని దాటినవాడు ఈ దీవుల్లో ఇంకా పుట్టలేదు. మెట్ల పక్కన గుంజకు అమ్మ తెల్లగుడ్డ కట్టింది. నిన్న వచ్చిన పడవ సరంగు ఆ గుడ్డ చూసి, రేవుకు ఇంకా చాలా దూరం ఉండగానే ఇంజను ఆపేశాడు. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. తెడ్లు వేసుకుంటూ వెనక్కి పోయాడు. వాడి నాయనమ్మ కూడా బాతుల్ని సాకిన మనిషే మరి.

మా ముత్తాతల నాడు ఈ దీవులన్నీ ఒక షావుకారువి. కౌలు బాతు నూగుతో కట్టేవాళ్ళు. తల్లి బాతు తన రొమ్ము మీది నూగు తానే పీకి గుడ్ల చుట్టూ పరుస్తుంది. పిల్లలు నీళ్ళలోకి దిగాక ఆ నూగు ఏరి, నలకలు తీసి షావుకారు ఇంటికి పంపాలి. షావుకారు పెళ్ళాం ఆ పరుపు మీద పడుకునేది. ఏరినవాళ్ళు గొర్రె తోలు కప్పుకునేవాళ్ళు. ఇందులో బాతు తప్పేమీ లేదు కాబట్టి బాతును ఎవరూ తిట్టలేదు. ప్రతి ఇంటికీ రాతిగూళ్ళు ఉండేవి, బోర్లించిన పాత పడవలు ఉండేవి. వాటి కింద ఎండబెట్టిన సముద్రపు నాచుతో పడకలు వేసి, ఏప్రిల్ నెలలో ఆడవాళ్ళు నీళ్ళ వైపు చూస్తూ కూర్చునేవాళ్ళు. కాన్పుకు పుట్టింటికి వచ్చే కూతురి కోసం చూసినట్టు.

యుద్ధం అయ్యాక అవతలి గట్టున ఎవరో మహానుభావులు బొచ్చు కోసం మింకుల్ని పెంచారు. ముంగిసలాంటి నల్ల జంతువు. కొన్ని తప్పించుకున్నాయి. ఈదుకుంటూ దీవి తర్వాత దీవి ఎక్కాయి. ఒక్కో గూట్లో దూరి తల్లినీ గుడ్లనీ కాజేశాయి. స్కార్వెన్‌కు బాతులు రావడం మానేశాయి. అమ్మ మాత్రం ప్రతి ఏప్రిల్లో పడకలు వేసేది. రాని చుట్టానికి పీట వేస్తున్నావని నేను నవ్వేవాణ్ణి.

ఊరు ఖాళీ చేసే ఈ ఏడాదే ఒకటి వచ్చింది. వచ్చినది రాతిగూళ్ళన్నీ కాదని మా మెట్ల కిందే దూరింది. అది దానంతట అదే వచ్చిందా, అత్తగారే పిలిచారా అని సిగ్నె మొదటి రోజే దెప్పింది.

“బాతు పిలిస్తే వచ్చే జాతి కాదు,” అంది అమ్మ. “వెళ్ళగొడితే పోయే జాతి. మనుషుల్లాగే.”

ఇంతకీ నాకు ఏం కావాలో ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెప్తాను. నాకు పోవాలనే ఉంది.

మా నాన్న చలికాలపు చేపల వేటలో పడవతో సహా పోయిన ఏడు నేను బడి మానేశాను. ఇంట్లో ఒకడు చదవాలి, ఒకడు తెడ్డు వేయాలి అని పెద్దలు తేల్చారు. తెడ్డు నాకు వచ్చింది. అప్పట్నుంచి ఇక్కడే ఉన్నాను. చెట్టన్నది లేని దీవి. కప్పు మీద పడిన వాననీళ్ళే తాగేది. పడమటి గాలి వీస్తే పడవ ఒడ్డుకు రాదు, వచ్చిన పడవ పోలేదు. అలలకు అడ్డుకట్ట కట్టమని అడిగితే, ఇన్ని బండరాళ్ళు మోసే బదులు మనుషుల్ని మోయడమే తేలిక అని తేల్చినవాళ్ళు మా పెద్దమనుషులు. ఇలాంటి చోటికి కోడలిగా వస్తానన్న పిల్ల దొరకలేదు. దొరకదని తెలిసేసరికి నా జుట్టు పలచబడింది.

పెద్ద దీవిలో చేపల కొట్టంలో పని చేసే మగ్దా అనే ఆవిడ ఉంది. భర్త పోయిన మనిషి. ఆదివారం చర్చి అరుగు మీద నాతో అవసరమైన వాటికంటే రెండు మాటలు ఎక్కువే మాట్లాడుతుంది. ఇల్లు అక్కడ నిలబడితే ఆ రెండు మాటలు మా వంటింటి దాకా వస్తాయని నా ఆశ. అదీ సంగతి. బాతు లేస్తే నా బతుకు లేస్తుంది.

కిటికీ దగ్గర నెమ్మదిగా ఎవరో దగ్గారు. కోర్నేలియస్ బాబాయ్. మా పొరుగింటి ముసలాయన. బూట్లు చేత్తో పట్టుకుని, ముందు వాటిని లోపలికి అందించి, తర్వాత ఒక్కో కాలూ లోపల పెట్టాడు.

“ఒలీనొదినా, ఎలా ఉంది మనమ్మాయి?”

“కూర్చునే ఉంది.”

“కూర్చోనీ, కూర్చోనీ,” అన్నాడు తృప్తిగా.

అందరికంటే ముందు ఇల్లు విప్పినవాడు ఆయనే. దుంగలకు గొడ్డలితో వరస గుర్తులు పెట్టి, పేర్చి, పైన చేపనూనె పూసిన గుడ్డ కప్పాడు. ఆయనా ఆయన భార్యా ఇప్పుడు పడవల కొట్టంలో తెరచాప కింద పడుకుంటున్నారు. మొన్నటి వానకు ఆవిడకు దగ్గు పట్టుకుంది. దగ్గు వచ్చినప్పుడల్లా దిండు నోటికి అడ్డం పెట్టుకుంటుందట, గాలి ఇటు వీస్తే బాతుకు వినపడుతుందని.

అమ్మ ఆయనకు సాసరులో కాఫీ పోసింది. చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని జుర్రాడు. జుర్రడం కూడా సగం చప్పుడుతోనే.

“మీరైనా చెప్పండి బాబాయ్,” అంది సిగ్నె. “ఈ దీవిలో ఇంగితమున్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారో లేదో చూద్దాం.”

“ఏం చెప్పమంటావమ్మా? వందల ఏళ్ళు ఉండి, పోతూ పోతూ పొదిగే తల్లిని తొక్కి పోయారని పేరు తెచ్చుకోమంటావా?” అని, ఆయన యుద్ధం నాటి సంగతి ఎత్తుకున్నాడు. మాకందరికీ తెలిసినదే. ఈ ఒడ్డున కాపలా ఉన్న జర్మన్ సైనికుణ్ణి మా అమ్మ కట్టెపుల్ల చూపించి ఆపిందట. వాడికి మన మాట రాదు, ఆవిడకు వాడి మాట రాదు. మెట్ల కిందికి వేలు చూపి, రెండు చేతులూ రెక్కల్లా ముడిచి కూర్చుని చూపించిందట. వాడు బూట్లు విప్పి, తుపాకీతో పాటు చంకలో పెట్టుకుని, మునివేళ్ళ మీద ఇంటి చుట్టూ తిరిగి పోయాడట.

“శత్రువే బూట్లు విప్పాడమ్మా,” అన్నాడు కోర్నేలియస్. తర్వాత సాసరు వంక చూస్తూ, చాలా మెల్లగా అడిగాడు. “అయితే వదినా, పండుగ నాటికి పిల్లలు నీళ్ళలోకి దిగుతాయంటావా?”

అమ్మ చేతిలో చాకు ఆగింది. ఆ ఆగడం నేను చూశాను. అప్పుడు దానికి అర్థం తెలియలేదు.

“బాతుకు పండుగలు తెలియవు కోర్నేలియస్,” అంది.

ఆయన తలాడించాడు. ఇంకేం అడగలేదు. అడగకపోవడమే సిగ్నెకు మండింది. కుర్చీ ముందుకు జరపబోయి, గుర్తొచ్చి, ఎత్తి పెట్టుకుంది.

“అసలు దీన్నేమైనా నేలమట్టం చేస్తున్నామా? గౌరవంగా నిలబెడుతున్నాం,” అంది. “చర్చి పక్కనే. కిటికీలకు కొత్త అద్దాలు కూడా తెప్పించాం. పంచాయతీ పండుగకు పట్నం నుంచి పెద్దవాళ్ళు వచ్చి మొట్టమొదట చూసేది ఈ ఇంటినే.”

మా అన్న కళ్ళు మూసుకున్నాడు.

“పెద్దవాళ్ళు మా ఇల్లెందుకు చూడటం?” అన్నాను నేను.

అన్న అమ్మ ముందున్న గిన్నెలోంచి ఒక బంగాళాదుంప తీసుకుని, తినకుండా చేతిలో తిప్పుతూ చెప్పాడు. లోమ్‌వేర్ పంచాయతీ ఏర్పడి వందేళ్ళు దాటిన సందర్భంగా ఒక ప్రదర్శనశాల పెట్టాలని తీర్మానం అయిందట. పాత దీవుల ఇల్లు ఎలా ఉండేదో రాబోయే తరాలకు తెలియాలట. పొయ్యి, తాళ్ళ మంచం, నూగు జల్లెడ, వలలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు సర్దుతారట. అమ్మకు అన్నావదినల ఇంట్లో వంటింటి పక్క గది ఉందట. నాకు అటక మీద చోటుంది. వెచ్చగానే ఉంటుందట.

అటక మీదికి మగ్దా ఎలా వస్తుందా అని ఆలోచిస్తున్నాను.

అమ్మ తొక్కలన్నీ అరచేతిలోకి దూసి, పొయ్యి పక్క బొక్కెనలో వేసి, చేతులు తుడుచుకుంది.

“చూడటానికి వచ్చేవాళ్ళకు టికెట్టు ఉంటుందా?”

“ఏదో నామమాత్రంగా, అమ్మా.”

“నేను లోపలికి రావాలన్నా టికెట్టేనా?”

కోర్నేలియస్ బాబాయ్ నవ్వాపుకోవడానికి సాసరులో మొహం పెట్టాడు. పైకి వచ్చేసరికి ఆ మొహంలో నవ్వు లేదు. గోడ మీద గడియారం కొట్టుకుంటోంది. దానికీ అమ్మ గుడ్డ చుట్టింది. దాని గొంతూ తగ్గే ఉంది.

కాఫీ అయ్యాక అన్న నన్ను ఒడ్డుకు రమ్మన్నాడు. ప్రెసిడెంటుగారు కిటికీలోంచి ముందు తల, తర్వాత పొట్ట బయటికి తీశారు. నేను కింద నిలబడి బూట్లు అందించాను.

ఆటు తగులుతున్న వేళ. నీళ్ళు దిగిపోయి, ఒక్కో రాతిదిబ్బా నల్లగా వీపు తేలుస్తోంది. ఇక్కడి సముద్రం లోతు లేనిది. ఇన్ని వేల దిబ్బలకు పేర్లు పెట్టినవాళ్ళు ఎంత ఒంటరిగా ఉండి ఉంటారో అనిపిస్తుంది నాకు. ప్రతి దానికీ పేరుంది. గొర్రెల దిబ్బ, విధవ కోరపన్ను, పాస్టరు బోర్లాపడ్డ రాయి. ఆ పేర్లన్నీ అన్న రాస్తున్న పంచాయతీ చరిత్ర పుస్తకంలోకి పోయాయి. చెప్పినవాణ్ణి నేను. చలికాలమంతా కూర్చోబెట్టి అడిగి రాసుకున్నాడు.

“ఈ ఇల్లు మాత్రం ఇక్కడిదా?” అని మొదలెట్టాడు అన్న. “షావుకారు దివాలా తీసినప్పుడు తాత కొన్నాడు. అవతలి అడవి దుంగలు. పడవ మీద వచ్చింది. వచ్చిన దారినే పోతుంది. ఇందులో ఏడవడానికి ఏముంది?”

“నీ పుస్తకంలో స్కార్వెన్ గురించి ఎంత రాశావ్?”

“అర పేజీ.”

“అందులో నేనున్నానా?”

“మనుషుల పేర్లు ఎక్కడా రాయలేదురా. జనాభా రాశాను.”

“ఉంటున్నారు అని రాశావా, ఉండేవారు అని రాశావా?”

అన్న ఒక గులకరాయి తీసి నీళ్ళలోకి విసరబోయి, ఇంటి వైపు చూసి, మళ్ళీ కింద పెట్టాడు. అచ్చయ్యేసరికి ఎలాగూ ఎవరూ ఉండరు కదా అని సర్దిచెప్పాడు. ఇంకా ఇక్కడే కూర్చుని బంగాళాదుంపలు తింటున్నవాళ్ళను అప్పుడే గతించినవాళ్ళలో కలిపేశావా అని అడుగుదామనుకున్నాను. వదిలేశాను. చదువుకున్నవాడితో వాదిస్తే వాడు ఇంకో పేజీ రాస్తాడు.

అప్పుడు అసలు విషయానికి వచ్చాడు. ఎంత మెల్లగా అంటే, అల చప్పుడుకు సగం కొట్టుకుపోయింది.

“మింకులు తిరుగుతూనే ఉంటాయిగదరా. ఏదో చప్పుడవుతుంది. బాతు బెదిరి లేచిపోతుంది. అలాంటివి ఎవరి తప్పూ కాదు.”

“అయితే నువ్వు చెయ్యి ఆ చప్పుడు.”

“నేను ప్రెసిడెంటుని.”

“మరి నేనెవర్ని?”

“నువ్వు ఇక్కడివాడివి,” అన్నాడు.

చిన్నప్పుడు తెడ్డు చేతికిచ్చినప్పుడు కూడా ఇంచుమించు ఇదే మాట. నేను వెనక్కి తిరిగి నడిచాను. సిగ్నె ఒడ్డున కోర్నేలియస్ దుంగల మీద కూర్చుని పావడా కుట్టుకుంటోంది. నన్ను చూసి సూది ఆపింది. ఆవిడ కళ్ళల్లోనూ అదే మాట ఉంది. ఎవరికి వాళ్ళు బాతు లేవాలని కోరుకుంటున్నారు. లేపే చెయ్యి మాత్రం నాది కావాలి.

బెదరగొట్టడం నా వల్ల కాదు. అది మంచితనం కాదు, అలవాటు. ఒంట్లో పట్టేసిన అలవాటు. అయితే ఇంకో దారి ఉంది. అమ్మ వయసులో ఉండగా, పోటు ముంచేస్తోందని పడవ కింది గూడును తల్లితో సహా గట్టు మీదికి జరిపింది. బాతుకు మొహం గుర్తుండదు, బట్ట గుర్తుంటుంది. సాకే మనిషి రోజూ ఒకే నీలిగుడ్డ నడుముకు కట్టుకుని, ఒకే కూనిరాగం తీస్తూ పోవాలి. పూటకు జానెడు చొప్పున పడక జరపాలి. అలా మెట్ల కింద నుంచి పక్కనున్న రాతిగూటికి చేర్చగలిగితే, తల్లి పొదుగుతూనే ఉంటుంది, సుత్తి దెబ్బ దాని నెత్తిన పడదు. ఈసారి ఎందుకు జరపలేదని అమ్మను అడిగితే, కళ్ళు ఆనడం లేదు, చేతులు వణుకుతున్నాయి అంది. నాకు రెండూ బాగానే ఉన్నాయి.

మర్నాడు పొద్దున ఆటుకు అమ్మ గొర్రెల దిబ్బకు నడిచిపోయింది, పాలు పితకడానికి. నేను మేకుకు వేలాడుతున్న అమ్మ నీలిగుడ్డ తీసి నడుముకు కట్టుకున్నాను. ముడి వేసుకుంటుంటే కిటికీ అద్దంలో నన్ను నేను చూశాను. మగ్దా చూస్తే ఆ రెండు మాటలు కూడా పోతాయి. ఒడ్డున కోర్నేలియస్ బాబాయ్ నన్ను చూసి, మర్యాదగా మొహం అటు తిప్పుకున్నాడు.

మెట్ల పక్కన బోర్లా పడుకుని మోచేతుల మీద పాకాను. లోపల చీకటి. నాచు వాసన, పాత చెక్క వాసన. అమ్మ తీసే కూనిరాగం తీశాను. గొంతు నాది కావడంతో అది ఎలుగుబంటి జోలపాటలా ఉంది. అంతా కలిసి రోజూ దూరం నుంచి వంగి చూసే ఆ గోధుమరంగు వీపు కనిపించింది. కదలలేదు. పొదిగే తల్లి కదలదు. సాకే మనిషి చెయ్యి వేసినా రాయిలా కూర్చుంటుంది. అదే దాని ధైర్యం, అదే దాని కర్మ.

చెయ్యి చాపాను. ఈకలు తగలాల్సిన చోట ఉన్ని తగిలింది.

నాన్న టోపీ. అమ్మ అల్లిన గోధుమరంగు ఉన్నిటోపీ. ఆఖరి వేటకు పోయేటప్పుడు కొత్తది పెట్టుకుని, ఇది మేకుకు వదిలి పోయాడు. అందులో ఎండు నాచు కూరి, గుండ్రంగా వీపులా చేసి, నూగు మీద పెట్టి ఉంది.

కింద చెయ్యి పెట్టాను. గుడ్లు ఒడ్డున గులకరాళ్ళలా చల్లగా ఉన్నాయి. వెనక పునాదిలో ఒక సందు. మింకు దూరేటంత సందు. దానికి కొత్తగా రాయి అడ్డం పెట్టి, నాచుతో మూసి ఉంది. మూలన విరిగిన రెక్కల ఈకలు గుప్పెడు, ఎవరో శ్రద్ధగా ఏరి పక్కకు పెట్టినట్టు.

కళ్ళు ఆనని మనిషి ఏరిన ఈకలు అవి.

ఎప్పుడు జరిగిందో నాకు తెలియదు. ప్రెసిడెంటు కిటికీలోంచి పొట్ట ఈడ్చుకుంటూ వచ్చింది ఈ టోపీ కోసం. సరంగు టోపీ తీసి గుండెకు ఆనించుకున్నది ఈ టోపీ కోసం. కోర్నేలియస్ పెళ్ళాం నోటికి దిండు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నది ఈ టోపీ కోసం. నాకు నవ్వొచ్చింది. అది కూడా గొంతు తగ్గించుకునే వచ్చింది.

దీన్ని తీసుకెళ్ళి వంటింటి బల్ల మీద పెడితే చాలు. నేను ఒక్క మాట అనక్కర్లేదు. సాయంత్రానికి కప్పు దిగుతుంది, రేపటికి గోడలు. పండుగ నాటికి పొగ ఉండదు. కోర్నేలియస్ ఇంటికి నేల దొరుకుతుంది. నాకు అటక. అటకైనా చర్చికి దగ్గరే.

టోపీ చేతిలోకి తీసుకున్నాను. చెవి పక్కన ఒక పోగు ఊడి వేలాడుతోంది. నాన్న ఆ పోగును వేలికి చుట్టుకుని ఆలోచించేవాడు. అమ్మ ఎన్నిసార్లు కుట్టినా మళ్ళీ లాగేవాడు.

బయట దూరంగా ఇంజను చప్పుడు వినిపించి, టక్కున ఆగిపోయింది. పడవ మళ్ళీ వచ్చింది. వచ్చి దూరంగానే ఆగింది. తర్వాత, రాత్రి ఇక్కడే ఉండిపోయిన అన్న అడుగులు, బూట్లతో.

నేను ఊడిన పోగును వేలితో లోపలికి దోపాను. టోపీ కొసను గోడ వైపు తిప్పాను. అమ్మకు తట్టలేదు కానీ, అలా తిప్పితే అచ్చం తల రెక్కలో దాచుకున్న బాతులా ఉంది.

వెనక్కి పాకి బయటికి వచ్చి లేచి నిలబడ్డాను. అన్న గుంజ దగ్గర ఉన్నాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడాడు.

“ఏమైందిరా? లేచిపోయిందా?”

ఆయన వెనక కోర్నేలియస్ బాబాయ్. ముసలాయన మొహం మీద ఒక ఆశ ఉంది. ఆ ఆశకు తనే సిగ్గుపడుతున్నట్టు కళ్ళు దించుకున్నాడు. కొట్టం వైపు నుంచి దగ్గు వినిపించింది, దిండు అడ్డం లేకుండా.

ఇంటి మూల దగ్గర అమ్మ. దిబ్బ మీద నుంచి వచ్చేసింది. చేతిలో పాల బొక్కెన. ఆవిడ నా మొహం చూడలేదు. నా నడుముకున్న నీలిగుడ్డ చూసింది. మోకాళ్ళ దగ్గర దానికి అంటుకున్న నాచు చూసింది. చూసి, అలాగే నిలబడింది. బెదరకుండా, లేవకుండా.

అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. నా బతుకులో ఇంతమంది నా మాట కోసం ఎదురుచూడటం ఇదే మొదలు.

“అన్నయ్యా,” అన్నాను, “గొంతు తగ్గించు.”

అమ్మ బొక్కెన కింద పెట్టింది. చప్పుడు కాలేదు.

కోర్నేలియస్ బాబాయ్ ఒక్క క్షణం నా వైపు చూసి, తలాడించి, ఆ తడిగడ్డి మీదే కూలబడి, బూట్లు విప్పుకోవడం మొదలుపెట్టాడు.